వీధి నవలలకు బడి లైబ్రరీలో చోటు

మా చర్చిలో శ్రావ్య అని ఒకమ్మాయి ఉంది. ఇక్కడే కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగింది. ఈమధ్య స్కూల్ లైబ్రేరియన్ కోర్సులో చేరింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ కప్పు పట్టుకుని నా పక్కన కూర్చుని, "ఆంటీ, నాకు బుక్స్ అంటే చాలా ఇష్టం, అందుకే జాయిన్ అయ్యాను," అంది. సంతోషమే. కానీ పుస్తకాల మీద ఇష్టం ఒక్కటే ఈ ఉద్యోగానికి చాలదు. ఆ సంగతి కాఫీ తాగేంత సేపట్లో చెప్పేది కాదు కాబట్టి ఊరుకున్నాను. ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. ప్రమోషన్లు, కేటలాగు కార్డులు, ఏడాది రిపోర్టులు వదిలేస్తున్నాను, అవి కోర్సులో నేర్పుతారు. ఇద్దరు అమ్మాయిల గురించి, ఒక టీచరమ్మ గురించి, నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి రాస్తాను.

ఎవరూ తెరవని పుస్తకాలు

డెబ్భైల చివర్లో నాకు ఓక్లాండ్‌లో ఒక జూనియర్ హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులు. పిల్లల్లో నల్లజాతివాళ్లే ఎక్కువ, కొందరు మెక్సికన్లు, కొద్దిమంది చైనావాళ్లు. నా ఇంటిపేరు పలకడం వాళ్లకు కష్టమై, మొదటి వారంలోనే నన్ను మిసెస్ డి చేసేశారు.

లైబ్రరీ మంచి గది. పెద్ద కిటికీలు, గట్టి బల్లలు. పుస్తకాలూ చాలానే ఉన్నాయి. పొలాల్లో పెరిగే పిల్లల కథలు, మంచుకొండల్లో సెలవులు గడిపే కుటుంబాల కథలు, గుర్రాన్ని మచ్చిక చేసుకునే అమ్మాయిల కథలు. మా బడి పిల్లలు గుర్రాన్ని దగ్గరగా చూశారంటే అది పోలీసు గుర్రమే. వాన పడితే లైబ్రరీకి వచ్చేవారు. ఎవరితోనైనా గొడవైతే దాక్కోవడానికి వచ్చేవారు. పుస్తకం ముట్టుకునేవారు కాదు. ఈ పిల్లలకు చదివే అలవాటు లేదని పాత లైబ్రేరియన్ నాకు అప్పగింతల్లో చెప్పి వెళ్లింది. నేను నమ్మాను. ఒక ఏడాది హాయిగా నమ్మాను.

లాక్కున్న నవల

రెనీ తొమ్మిదో తరగతి. రోజూ మూడో పీరియడ్‌లో వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర జాగ్రఫీ పుస్తకం తెరిచి కూర్చునేది. జాగ్రఫీ మీద అంత శ్రద్ధ ఉన్న పిల్లను నేను ఇండియాలో కూడా చూడలేదు. ఒకరోజు వెనకనుంచి వెళ్లి చూస్తే జాగ్రఫీ పుస్తకం లోపల అట్ట ఊడిపోయిన చవక నవల ఒకటి ఉంది. నా కంట పడ్డ పేజీలోనే మూడు బూతులున్నాయి. లాక్కుని నా సొరుగులో పెట్టాను. రెనీ సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి రావడం మానేసింది.

అప్పట్లో అలాంటి నవలలు మందుల షాపుల్లోనూ బస్సులు ఆగే చోట్లా అమ్మేవారు. నల్లజాతి రచయితలు తమ పేటల గురించి రాసినవి. వాళ్లలో కొందరు జైల్లో కూర్చుని రాయడం నేర్చుకున్నవాళ్లు. దొంగలు, మత్తుమందులు, ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు, వీళ్లందరి మధ్య ఎలాగో పెరిగే పిల్లలు. ఇప్పుడు వీటికి అర్బన్ ఫిక్షన్ అని మర్యాదైన పేరు వచ్చింది. అప్పుడు వీధి పుస్తకాలు అనేవారు. బడి లైబ్రరీలో అలాంటివి పెట్టాలన్న ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు.

ఆ వారం చివర సొరుగు సర్దుతుంటే ఆ నవల చేతికొచ్చింది. వెనక పేజీ తిప్పాను. పెన్సిలుతో పద్నాలుగు పేర్లు రాసి ఉన్నాయి, అన్నీ మా బడి అమ్మాయిలవే. ఒక్కో పేరు పక్కన తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ. నా దగ్గర ఒక్క పుస్తకమూ తీసుకోని పిల్లలు తమలో తాము ఒక లైబ్రరీ నడుపుకుంటున్నారు, నాకంటే శ్రద్ధగా.

శనివారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివాను. మా ఆయన అటూ ఇటూ తిరుగుతూ, "ఏంటంత సీరియస్‌గా చదువుతున్నావ్, మళ్లీ ఎగ్జామ్ ఏమైనా ఉందా?" అన్నారు. ఒక పేజీ ఆయన చేతికిచ్చాను. చదివి, తిరిగిచ్చి బయటికి వెళ్లారు. పాస్టరుగారి మేనకోడలిని నేను. అలాంటి మాటలు అచ్చులో చూడటం అదే మొదలు.

కానీ ఆ నవలలో ఒకచోట, పదేళ్ల పిల్ల తమ్ముణ్ని చంకనేసుకుని పేదలకు సర్కారు సాయం ఇచ్చే ఆఫీసు ముందు వరసలో నిలబడుతుంది. అక్కడి గుమాస్తా ఆ పిల్ల తల్లి పేరును కావాలనే గట్టిగా పిలుస్తాడు. పిల్ల తల దించుకుని, ఆ పేరు తనది కానట్టు నడుస్తుంది. అక్కడ ఆగిపోయాను. నరసాపురంలో మిషన్ కాంపౌండులో పాలపొడి పంచే రోజున గిన్నె పట్టుకుని నేనూ అలాగే నడిచాను.

మా పేట ఊరి చివర, కాలవ దాటాక ఉండేది. చిన్నప్పుడు చేతికి దొరికిన నవలనల్లా చదివాను. వాటిలో ఇళ్లకు మండువాలు, అరుగులు, పడక్కుర్చీలు ఉండేవి. మా పేట ఒక్కదాంట్లోనూ ఉండేది కాదు. ఉంటే, కేకేస్తే పలికే పాలేరు పేరు వరకే. అది లోటని కూడా నాకు తోచలేదు. పుస్తకాలంటే వేరేవాళ్ల ఇళ్ల గురించి ఉంటాయి కాబోలు అనుకున్నాను. నలభై దగ్గరపడ్డాక, ఓక్లాండ్ పిల్ల దగ్గర లాక్కున్న చిరుగుల పుస్తకంలో నేను నిలబడ్డ ఆ వరస కనిపించింది.

సోమవారం రెనీని వెతుక్కుంటూ వెళ్లి పుస్తకం ఇచ్చేశాను. ఆ పిల్ల నా వంక అనుమానంగా చూసింది.

"చదివారా?"

"చదివాను."

"మొత్తం?"

"మొత్తం. చివర్లో అందరినీ చంపేయడం నాకు నచ్చలేదు. రాసినాయనకు ఓపిక అయిపోయినట్టుంది."

రెనీ తనకూ అలాగే అనిపించిందని చెప్పింది. తరవాత, ఇదే రచయితది ఇంకోటి దీనికంటే బాగుంటుందని, అది మీ లైబ్రరీలో ఎందుకు లేదని అడిగింది.

నిజం చెప్పాలంటే, ఆ లాక్కున్న నవలను నేను ఎప్పటికీ లైబ్రరీలో పెట్టలేదు. ఆడదాన్ని కొట్టే ఘట్టాలు అందులో చప్పరిస్తూ రాశారు. పన్నెండేళ్ల పిల్లకు అది నా చేత్తో ఇవ్వలేను. కానీ అలాంటివి ఇంకా ఉన్నాయని, వాటిలో మంచివాటిని ఏరవచ్చని రెనీ వల్లే తెలిసింది. ఆ ఏడాదంతా ఆ పిల్లే నాకు గురువు.

మిసెస్ హాలోవే

మా హెడ్మాస్టరు మిస్టర్ ప్రూయెట్ గొడవలంటే భయపడే మనిషి. నేను విషయం చెప్పగానే నుదురు రుద్దుకున్నారు. వద్దని మాత్రం అనలేదు. ప్రతి పుస్తకానికీ అది ఎందుకు తీసుకున్నావో ఒక కాగితం రాసిపెట్టుకో, ఫిర్యాదు వచ్చాక రాస్తే అది సాకు అవుతుంది, ముందే రాస్తే కారణం అవుతుంది అన్నారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న ఒకే ఒక్క మంచి పాఠం అది. ఇప్పటికీ చెప్తాను.

అసలు అడ్డు ఆయన నుంచి రాలేదు. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు టీచరు మిసెస్ హాలోవే నుంచి వచ్చింది. నల్లజాతి ఆవిడ, చిన్నప్పుడే కుటుంబంతో దక్షిణాది లూసియానా నుంచి వలస వచ్చారు. ఇరవై ఏళ్లుగా అదే బడిలో పాఠం చెబుతున్నారు. ఆవిడ నడవాలోకి వస్తే పిల్లలు చొక్కాలు సర్దుకునేవారు. నేను తెప్పించాలనుకున్న పుస్తకాల జాబితా చేత్తో పట్టుకుని లైబ్రరీకి వచ్చారు. గొంతు పెంచలేదు.

"మీరు బయటి దేశం నుంచి వచ్చారు. మా వాళ్లలో డాక్టర్లున్నారు, పాస్టర్లున్నారు, నాలాంటి టీచర్లున్నారు. మీ కంటికి దొంగలే కనిపించారా?"

ఆ మాటకు నేను వారం రోజులు సరిగ్గా తినలేదు. మా పేట గురించి ఎవరైనా తాగుబోతుల కథలే రాసి, మా పిల్లలకు అవే చదవమని ఇస్తే నాకెలా ఉండేది? మా నాన్నగారు ఆ పేటలోనే తెల్లబట్టలు కట్టుకుని పాఠాలు చెప్పిన మనిషి. ఆవిడ మాటలో సగం నిజం ఉంది. రెనీ మాటలో మిగతా సగం ఉంది.

అందుకని ఆవిడ దగ్గరికే వెళ్లాను. నాతో కలిసి చదవమని అడిగాను. ఆవిడ ఒక షరతు పెట్టారు. నేను ఎంచిన ప్రతి పుస్తకానికీ తాను ఎంచినది ఒకటి రావాలి. రెండూ వేరు వేరు అల్మారాల్లో కాకుండా, రచయిత పేరు ప్రకారం ఒకే వరసలో ఉండాలి. ఒప్పుకున్నాను.

ఆ తరవాత మూడేళ్లు మధ్యాహ్న భోజనం వేళల్లో ఇద్దరం చదువుతూ కొట్టుకున్నాం. నేను బాగుందన్నదాన్ని ఆవిడ చెత్త అనేవారు. ఆవిడ తెచ్చిన నీతికథల్ని ఏ పిల్లా తెరవదని నేను అనేదాన్ని. ఒకసారి ఒక నవల మీద పదిరోజులు మాటల్లేవు. కానీ పిల్లలు రావడం మొదలుపెట్టారు. వాన లేని రోజుల్లో కూడా వచ్చారు. వీధి నవల కోసం వచ్చినవాళ్లు పక్కనే ఉన్న హాలోవే గారి పుస్తకాన్నీ పట్టుకెళ్లేవారు. ఆవిడ అది చూసి చూడనట్టు నవ్వుకునేవారు.

చివరిదాకా చదవని పుస్తకం

మొత్తం చదవనిదే ఏ పుస్తకమూ పెట్టకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. దాన్ని ఒక్కసారే తప్పాను.

ఒక వేసవి ముందర కొత్త పుస్తకాలు వచ్చాయి. పిల్లలు పెట్టె చుట్టూ మూగారు. అందులో ఒక నవల హాలోవే గారు చదివి, తనకు నచ్చలేదు కానీ రాసిన తీరు నిజాయితీగా ఉందన్నారు. నేను సగం చదివాను. బాగుంది. మిగతా సగం తరవాత చదవచ్చులే అని ముద్ర వేసి వరసలో పెట్టేశాను.

దాన్ని లొరేన్ తీసుకుంది. ఏడో తరగతి, పన్నెండేళ్లు. మాట్లాడటం తక్కువ. నాలుగు రోజుల తరవాత, శుక్రవారం, బడి వదిలే వేళకు తెచ్చి బల్ల మీద పెట్టింది. వెళ్లకుండా నిలబడింది.

"ఇందులో అమ్మాయి టీచర్‌తో చెప్తుంది కదా," అంది. "నిజంగా చెప్తే ఏమవుతుంది?"

ఏం చెబుతుందో నాకు తెలియదు. అక్కడిదాకా చదవలేదు. చదవలేదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. "మంచి పుస్తకం కదా," అని నవ్వి, తిరిగొచ్చినట్టు ముద్ర వేశాను. లొరేన్ వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం మిగతా సగం చదివాను. అందులో, తల్లితో ఉంటున్న మనిషి ఆ పిల్ల మీద చెయ్యి వేయడం మొదలుపెడతాడు. చివరి అధ్యాయంలో పిల్ల ధైర్యం చేసి టీచరుకు చెబుతుంది. పుస్తకం మూసిన వెంటనే మిస్టర్ ప్రూయెట్ ఇంటికి ఫోన్ చేశాను. కథ గురించి అడిగి ఉంటుంది, కంగారు పడకు, సోమవారం పిల్లతో మాట్లాడు అన్నారు ఆయన. ఆ మాట వినడం నాకూ తేలికగా అనిపించింది కాబట్టి విన్నాను. వినకూడదు. అనుమానం కలిగిన నిమిషంలోనే చెప్పాల్సిన చోట చెప్పాలి. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఇంకేం మరిచినా ఇది మరవకండి.

సోమవారం లొరేన్ బడికి రాలేదు. అప్పుడిక ఆగలేక, పిల్లల కష్టసుఖాలు చూసే బడి కౌన్సెలర్‌కి చెప్పాను. ఆవిడ ఇంటికి ఫోన్ చేస్తే జ్వరమన్నారు. మంగళవారమూ రాలేదు. బుధవారం వచ్చింది. పుస్తకాలు అతికించే వెనక గదిలోకి పిలిచి కూర్చోబెట్టాను.

"శుక్రవారం నువ్వు నన్నొకటి అడిగావు. ఆ పుస్తకం నేను సగమే చదివాను, అందుకని నాకు అర్థం కాలేదు. ఇప్పుడు మొత్తం చదివాను. మళ్లీ అడుగు."

ఆ పిల్ల చాలాసేపు బల్ల మీద జిగురు మరకను గోటితో గీకుతూ ఉండిపోయింది.

"మీరు చదివారనుకుని అడిగాను," అంది చివరికి.

నా జీవితంలో ఏ అధికారీ నన్ను అంత మాట అనలేదు. నేను తల దించుకున్నాను. తరవాత నాకు తెలిసినంత నిజం చెప్పాను. నువ్వు చెప్తే నేను కౌన్సెలర్‌కి చెప్పాలి, అది చట్టం. కౌంటీ ఆఫీసు నుంచి, పిల్లల రక్షణ చూసే ఒక ఆవిడ వస్తుంది. ఆ తరవాత ఏమవుతుందో నాకు పూర్తిగా తెలియదు, తెలుసని అబద్ధం చెప్పను. నువ్వు మాట్లాడేంతసేపూ నీ పక్కనే కూర్చుంటాను.

లొరేన్ చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను. ఆ సాయంత్రమే వాళ్ల పెద్దమ్మ వచ్చి తానుండే వయేహో ఊరికి తీసుకెళ్లింది. ఆ మనిషి సంగతి ఏమైందో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగకూడదు. శుక్రవారం నుంచి బుధవారం దాకా ఆ పిల్ల ఆ ఇంట్లోనే ఉంది. ఆ ఐదు రోజుల బాధ్యత నాది. కౌన్సెలర్ చాలాసార్లు కాదంది. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

కమిటీ

నెల తిరగకుండానే అదే నవల మీద ఫిర్యాదు వచ్చింది. ఇచ్చింది లొరేన్ వైపువాళ్లు కాదు, తొమ్మిదో తరగతి అమ్మాయి తండ్రి. సిటీ బస్సు డ్రైవరు. ఏడుగురితో కమిటీ వేశారు. బడి అయ్యాక లైబ్రరీలోనే కూర్చున్నాం.

ఆయన యూనిఫాంలోనే వచ్చారు. మంచి మనిషి. కాగితం పెట్టి ఉంచిన పేజీ ఒకటి నెమ్మదిగా చదివి వినిపించారు. తన కూతురు ఆ వీధి దాటి పోవాలనే తాను రోజంతా బస్సు నడుపుతున్నానని, బడి కూడా పిల్ల చేతిలో మళ్లీ ఆ వీధినే పెడితే ఎలాగని అడిగారు.

ఆ పుస్తకం తరఫున నా దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్కటే. దాన్ని ఆ గదిలో నోరెత్తి చెప్పకూడదు. లొరేన్ సంగతి కౌన్సెలర్‌కి, హెడ్మాస్టరుకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. హాలోవే గారికి కూడా తెలియదు. ముందే రాసుకున్న కాగితం చదివాను. ఆ తరవాత, ఈ నవలను చివరిదాకా చదవకుండానే అల్మారాలో పెట్టానని కూడా చెప్పాను. మిస్టర్ ప్రూయెట్ కళ్లు మూసుకున్నారు.

అప్పుడు మిసెస్ హాలోవే లేచారు.

"ఈ పుస్తకం నాకు నచ్చదు. ఆ మాట ఈవిడకు మొదటే చెప్పాను. కానీ నేను చివరిదాకా చదివాను. చివర్లో ఆ పిల్ల ఒక పెద్దమనిషి ముందు నోరు తెరిచి చెప్తుంది. ఇరవై ఏళ్లుగా ఈ బడిలో పిల్లల్ని నోరు మూసుకోమంటున్నాను. తెరవమని ఒక్క పుస్తకమైనా చెప్పనివ్వండి."

ఓడిపోయాం. నలుగురు అటు, ముగ్గురు ఇటు. పుస్తకాన్ని తాళం వేసిన బీరువాలో పెట్టాలి, ఇంటినుంచి ఉత్తరం తెస్తేనే ఇవ్వాలి. అది అవసరమైన పిల్ల ఆ ఇంటినుంచే ఉత్తరం ఎలా తెస్తుంది? అడిగితే లొరేన్ సంగతి బయటపడుతుందని అడగలేదు. ఉద్యోగిని కాబట్టి తాళం వేశాను. మర్నాడు హాలోవే గారు షాపుకు వెళ్లి, అదే నవల రెండు కాపీలు కొని తన క్లాసురూములో పెట్టుకున్నారు. అక్కడి షెల్ఫు మీద కమిటీకి పెత్తనం లేదన్నారు.

వయేహో నుంచి ఫోన్

సెలవులు అయ్యాక, అక్టోబరులో అనుకుంటాను, వయేహోలో ఒక బడి లైబ్రేరియన్ ఫోన్ చేసింది. లొరేన్ అని ఒకమ్మాయి మా దగ్గర చేరింది, నేను ఏ పుస్తకమిచ్చినా వెనక్కి పెట్టేస్తోంది, మిసెస్ డి ని అడగమంటోంది అని చెప్పింది. ఆ పిల్ల నా పేరు మళ్లీ తలుచుకుంటుందని అనుకోలేదు.

ఎలాంటిది కావాలంటోంది అని అడిగాను.

"నవ్వొచ్చే పుస్తకం కావాలట. కానీ అందులో మనుషులు తనలాంటి వీధిలో ఉండే తనలాంటి మనుషులై ఉండాలట."

ఒక్క నిమిషం ఆగమని రిసీవరు బల్ల మీద పెట్టి అల్మారాల దగ్గరికి వెళ్లాను. మొదటి అక్షరం నుంచి చూసుకుంటూ వచ్చాను. హాలోవే గారూ నేనూ మూడేళ్లు పోట్లాడి తెచ్చిన పుస్తకాలు అన్నీ ఉన్నాయి. జైలు ఉంది, చావు ఉంది, ఆవిడ ఎంచినవాటిలో కష్టపడి పైకొచ్చిన గొప్పవాళ్లున్నారు. నవ్వొచ్చేవి వేరే ఉన్నాయి, వాటిలో ఆ వీధి లేదు. రెండూ కలిసింది ఒక్కటీ లేదు. వెతికి పంపిస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

హాలోవే గారికి చెబితే ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. తరవాత నెమ్మదిగా, తాను పెరిగిన ఇంట్లో రోజూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లమని, ఆ నవ్వు పిల్లలకు కావాల్సి వస్తుందని ఒక్కసారీ గుర్తు రాలేదని అన్నారు. మా పేటా అంతే. సాయంత్రాలు నవ్వులతో మారుమోగేది.

ఇద్దరం రెండు శనివారాలు బర్కిలీలో పాత పుస్తకాల షాపులన్నీ గాలించాం. చివరికి ఒకటి దొరికింది. పలచని పుస్తకం. ఒకే గదిలో ఎనిమిది మంది ఉండే ఇంట్లో ఒక అవ్వ చేసే ఆగడాలు. షాపులో నిలబడే హాలోవే గారు పైకి చదువుతుంటే నవ్వాపుకోలేక నేను గోడకు ఆనుకోవాల్సి వచ్చింది. చివరి పేజీ దాకా చదివాకే కొన్నాం.

సోమవారం దాన్ని పోస్టు చేశాను. తిరిగి ఇచ్చే పని ఆ పిల్లకు ఉండకూడదని లైబ్రరీ ముద్ర వేయలేదు.